అద్దపుచుక్కలు: ఆకాశ ఛాయాచిత్రములందలి మాయాబింబముల నిర్ణయము

ఆకాశమునకు ఎదురుగా నిలిపి తీసిన ఛాయాచిత్రమున కనబడు వెలుగులన్నియు ఆకాశమునందున్నవి కావు. కొన్ని నిజముగా ఆకాశమునుండి వచ్చినవి. కొన్ని ఛాయాగ్రహణయంత్రములోని గాజుబిళ్ళల నడుమ పుట్టినవి. ఈ భేదమును తెలిసికొనవలసిన అవసరము ఒకప్పుడు వేధశాలలలో పనిచేయువారికి మాత్రమే యుండెడిది. నేడు ఇంటింట చేతిఫోను, ప్రతి చేతిఫోనునందును కెమేరా ఉన్నవి గనుక ఆ అవసరము బడిపిల్లలు మొదలుకొని పెద్దలవరకు అందరిదైనది.

గంజాం మండలమున ఈ విషయమును విచారించుటకు గోపాలపూర్ తీరముకంటె అనువైన చోటు లేదు. బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున నున్న ఆ తీరమునందు సూర్యుడు నేరుగా సముద్రమునుండి లేచును. కార్తికస్నానములకో, సెలవుదినములలో విహారమునకో అచ్చటికి పోయిన తెలుగు కుటుంబములవారు ఉదయసూర్యుని చిత్రము తీయక తిరిగిరారు. ఇంటికి వచ్చి ఆ చిత్రమును పెద్దదిగా చేసి చూచినప్పుడు, సూర్యునికి ఎడముగా, అలలమీదనో, ఇసుకమీదనో, ఒడ్డుననున్న పడవమీదనో ఆకుపచ్చని చిన్నబిళ్ళ యొకటి కనబడుట తరచు. తీరమున కంటికి అది కనబడలేదు, చిత్రమున ఉన్నది. అదేమియను ప్రశ్నకు ఇంటిలో సమాధానము దొరకనిచో వీధిలో దొరకును. వీధిలో దొరకు సమాధానము “రెండవ సూర్యుడు” అని.

ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. నిబిరు అను పేరుగల గుప్తగ్రహము భూమిని ఢీకొనునని 2012 డిసెంబరునకు ముందు లోకమంతట వదంతి వ్యాపించెను. ఆ నెల గడచిపోయెను. 2017 సెప్టెంబరు 23వ తేదీని మరల గడువుగా పెట్టిరి, అదియు గడచెను. ఆ గ్రహమునకు రుజువులని చూపబడిన వానిలో, సూర్యుని సమీపమున వెలుగుబిళ్ళ పడిన సామాన్య ఛాయాచిత్రములు చేరియుండెను. అట్టి గ్రహము లేదని అమెరికాయొక్క అంతరిక్షసంస్థయగు నాసావారు పలుమారులు ప్రకటింపవలసివచ్చినది. వదంతివలన కలుగు భయము ఒక యెత్తు. రెండవ సూర్యుడు ఉన్నాడో లేడో చూచెదమని పిల్లలు సూర్యుని సూటిగా తేరిపార చూచుట మరియొక యెత్తు. కంటిలోపలి పొరకు నొప్పి తెలియదు. అది కాలినట్లు కొన్ని గంటలు గడచిన పిదప గాని తెలియరాదు. పాఠశాలలు ఈ విషయమున శ్రద్ధ వహింపవలసినది ముఖ్యముగా ఇందుకొరకే.

ముందుగా పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. లెన్సును తెలుగు పాఠ్యగ్రంథములు కటకమని వ్యవహరించును. ఆంధ్రదేశమున ఆ మాటతో చిక్కు లేదు, గంజాంలో ఉన్నది. ఇచ్చటి పిల్లవానికి కటకమనగా మహానదీతీరమునందలి నగరము. “కటకమున వెలుగు పరావర్తనము చెందును” అని చదివి వాడు నదీజలములలో మెరయు పట్టణదీపములను తలచుకొన్నచో తప్పు వానిది కాదు. తెలుగు జనులు ఆకాశమునకు పెట్టుకొన్న పేర్లు వేగుచుక్క, తోకచుక్క, పిల్లలకోడి, గొల్లకావడి వంటివి. వినగానే కన్నులకు కట్టునవి. ఆ వరుసలో చేర్పదగినది అద్దపుచుక్క అను మాట. గాజులో పుట్టి చుక్కవలె కనబడునదియను అర్థము దానికి వ్యాఖ్యానము లేకయే తెలియును. ఈ వ్యాసమున ఆ మాటయే వాడబడినది.

గాజుపై పడిన వెలుగంతయు గాజుగుండ పోదు. పూతలేని గాజుయొక్క ఒక్కొక్క తలమువద్ద నూటికి సుమారు 4 వంతులు వెనుకకు మరలును. రాత్రివేళ దీపమున్న గదిలో కిటికీ అద్దమువద్ద నిలిచినవారికి తమ ముఖము తమకు కనబడుట ఇందువలననే. కెమేరాలోనుండునది ఒక బిళ్ళ కాదు; చేతిఫోనులలో సయితము ఐదారు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు వరుసగా నుండును. ఒక్కొక్క దానికి రెండేసి తలములు. ఒక తలమువద్ద వెనుకకు మరలిన కిరణము మరియొక తలమునకు తగిలి మరల ముందుకు తిరిగినచో, అది తన అసలు చోటున గాక వేరొకచోట పడును. చిత్రమును గ్రహించు ఫలకము కూడ నున్ననిదే గనుక, దానినుండి వెనుకకు మరలి ముందున్న బిళ్ళలకు తగిలి తిరిగి వచ్చు వెలుగును కలదు. చేతిఫోను చిత్రములలో మిక్కిలి తరచుగా కనబడు ఆకుపచ్చబిళ్ళ ఈ జాతిదే. రంగునకు కారణము పూత. పరావర్తనమును తగ్గించుటకై బిళ్ళలకు పూయు పలుచని పొర అన్ని రంగులను ఒకే తీరుగ అణచలేదు. అణగని రంగు చిత్రములో మిగులును.

రెండుమారులు మరలిన పిదప వెలుగు ఎంత మిగులునో లెక్క చూడవచ్చును. పూతలేని గాజున 4 శాతములో 4 శాతము, అనగా 625వ వంతు మిగులును. మంచి పూతగల తలము 1 శాతమునే మరల్చుననుకొన్నను పదివేలవ వంతు మిగులును. పదివేలవ వంతనగా లేనట్లేయని తోచును. కాని సూర్యుడు పున్నమిచంద్రునికంటె సుమారు 4 లక్షల రెట్లు ప్రకాశవంతుడు. అతని వెలుగులో పదివేలవ వంతు 40 పున్నమిచంద్రుల పెట్టు. అంత వెలుగు చిత్రములో ఒక మూల వాలినప్పుడు అది రెండవ సూర్యునివలె కనబడుటలో వింత యేమున్నది? శుక్రుని విషయమున ఇదే లెక్క వేసినచో ఫలితము వేరు. శుక్రుని వెలుగులో పదివేలవ వంతు, చీకటిరాత్రి కంటికి అతికష్టముమీద అందు నక్షత్రపు వెలుగునకు సరిపోవును. కాబట్టి అద్దపుచుక్కలకు తల్లులు మూడే: సూర్యుడు, చంద్రుడు, దగ్గరనున్న దీపము. చిత్రములో గాని, చిత్రపు అంచునకు కొంచెము వెలుపల గాని ఈ మూటిలో ఏదియు లేనప్పుడు అద్దపుచుక్కయను అనుమానమును చాలవరకు విడువవచ్చును.

గుర్తించు పద్ధతులలో సులభమైనది గీత గీచుట. చిత్రముయొక్క మూలలను కలుపు రెండు కర్ణరేఖలు ఖండించుకొనుచోటు నడిబిందువు. సూర్యబింబమునుండి ఆ నడిబిందువుగుండ ఒక గీత గీచి ఆవలికి పొడిగింపవలెను. బిళ్ళలన్నియు ఒకే ఇరుసుమీద గుచ్చినట్లు అమర్చబడియుండుటచేత అద్దపుచుక్కలు ఆ గీతమీదనే పడును. ముందు చెప్పిన ఆకుపచ్చబిళ్ళ సామాన్యముగా సూర్యునికి సరిగా ఎదుటిప్రక్కన, నడిబిందువునుండి అంతే దూరమున ఉండును. సూర్యుడు పై కుడిమూల నున్నచో అది క్రింది ఎడమమూలను. గోపాలపూర్ చిత్రములలో అది తరచు అలలమీదనో ఇసుకమీదనో పడుటకు కారణమిదియే. అయితే చిత్రము అంచులు కోయబడనిదై యుండవలెను. చేయి మారుచు వచ్చిన చిత్రములు సగము కత్తిరింపబడి వచ్చును, నడిబిందువు స్థానము తప్పును, గీత అబద్ధమాడును. మూలచిత్రమును చూడకయే అది గ్రహమనిగాని కాదనిగాని తీర్పు చెప్పువారు, ఎంత చదువుకొన్నవారైనను, ఊహించుచున్నారేగాని పరీక్షించుట లేదు.

చిత్రము తీయుచున్నవారే పరీక్షించువారైనచో గీతతో పని లేదు. సూర్యుని కంటితో చూడక, ఫోను తెరమీద మాత్రమే చూచుచు, కెమేరాను కొంచెము కుడికి త్రిప్పవలెను. తెరమీద సూర్యుడు ఎడమకు జరుగును. ఆకాశమునందున్న వస్తువైనచో సూర్యునితోపాటు అదే దిక్కునకు జరుగును. ఆకుపచ్చబిళ్ళ ఎదురుదిక్కునకు పరుగెత్తును. తరువాత సూర్యుని ఒక కొబ్బరిబోదె చాటునకో, దీపస్తంభము చాటునకో తేవలెను. తల్లి మరుగుపడిన తక్షణమే అద్దపుచుక్క ఆరిపోవును; ఆకాశపుచుక్క ఆరదు. ఈ రెండు పరీక్షలకు పట్టు కాలము అర నిమిషము.

అద్దపుచుక్కకు అడ్డు లేదు. కొండమీద, చెట్టుమీద, మనిషి ముఖముమీద సయితము అది నిలుచును. మహేంద్రగిరికి ఆవల నుండవలసిన గ్రహము మహేంద్రగిరికి ముందు ప్రకాశింపనేరదు గదా! పెద్ద కెమేరాలలో వెలుగును తగ్గించు రెక్కల ద్వారము ఉండును గనుక ఆ రెక్కల సంఖ్యనుబట్టి అద్దపుచుక్క ఆరు మూలలతోనో ఎనిమిది మూలలతోనో కనబడుట కలదు. మూలలుగల గ్రహము లేదు. చేతిఫోనులలో ఆ ద్వారము గుండ్రని రంధ్రము. అందుచేతనే వానిలోని అద్దపుచుక్క గుండ్రముగా నుండి గ్రహమను భ్రాంతి కల్పించును.

ఇవి యన్నియు ఒక ప్రక్కన నుండగా, పరిమాణమొక్కటియే పెక్కు చిత్రముల సంగతి తేల్చును. ఆకాశమున సూర్యబింబపు వెడల్పు సుమారు అర డిగ్రీ. సామాన్యపు చేతిఫోను కెమేరా అడ్డముగా 65 నుండి 70 డిగ్రీల మేర పట్టును. అనగా చిత్రపు వెడల్పులో అసలు సూర్యబింబము ఇంచుమించు 140వ వంతు. మూరెడు వెడల్పున అచ్చువేసిన చిత్రములో అది పెసరగింజకు మించదు. చిత్రములో కనబడు పెద్ద తెల్లని ముద్ద సూర్యుడు కాదు. ఫలకము ఓర్వలేక చుట్టును ఒలకబోసిన వెలుగు. ఇక గ్రహములలో భూమికి మిక్కిలి చేరువకు వచ్చు శుక్రుడు, అట్లు వచ్చినప్పుడు, సూర్యుని వెడల్పులో 30వ వంతు మాత్రమే. చేతిఫోను చిత్రము అడ్డముగా 4000 బిందువులు గలదైనచో శుక్రుడు వానిలో ఒకటి. బిళ్ళవలె వెడల్పుగా, అంచుతో కనబడునది గ్రహము కాజాలదు.

ఈ 30వ వంతు పుస్తకములలోని అంకె మాత్రమే కాదు. తెలుగుదేశమున కంటికి కనబడినది. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబముమీదుగా నల్లని చుక్కవలె దాటిపోయెను. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు స్థాపించిన వేధశాలను ఆయన అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు అప్పుడు నిర్వహించుచుండిరి. నరసింగరావుగారు ఆ దృశ్యమును పరిశీలించి లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. గంజాం, విశాఖపట్టణములు ఆనాడు మద్రాసు రాజధానిలో ఇరుగుపొరుగు మండలములు. ఇటు ఖండపడాలో, దూరదర్శిని లేకయే తాను చేసికొన్న కొలకఱ్ఱలతో గ్రహగతులను కొలిచిన సామంత చంద్రశేఖరులు తమ సిద్ధాంతదర్పణమున ఆ సంఘటనను పేర్కొనిరి. విశాఖలో గాజుబిళ్ళలతో చూచినవారికి, ఒడిశాలో గాజుబిళ్ళలు లేని గణకునికి, దొరికిన శుక్రుడు ఒక్కడే. ఆకాశపుచుక్కయొక్క లక్షణమే అది.

అదే శుక్రునకు ఒకప్పుడు చంద్రుని కూడ అంటగట్టిరి. పారిస్ వేధశాలాధిపతి కాసినీ 1672లోను, మరల 1686లోను శుక్రుని సమీపమున చిన్న బింబమును చూచెను. 1740లో లండనునందు జేమ్స్ షార్ట్ చూచెను. వీరు సామాన్యులు కారు. షార్ట్ దూరదర్శినుల నిర్మాణమున ఆ కాలపు మేటి. 1761లో ఆ ఉపగ్రహమును చూచితిమన్నవారు పెక్కుమంది. కాని చూడవలెనని కాచుకొన్నవారికి అది చాలమారులు కనబడలేదు. 1766లో వియన్నా జ్యోతిష్కుడు మాక్సిమిలియన్ హెల్ కారణమును కనిపెట్టెను. దూరదర్శిని శుక్రుని వెలుగును వందల రెట్లు పెంచును గనుక పైన చేసిన లెక్క అచ్చట చెల్లదు. ఆ వెలుగు చూచువాని కనుగ్రుడ్డుపై మెరసి, గాజునకు తగిలి, తిరిగి కంటిలో పడి రెండవ శుక్రునిగా కనబడుచుండెను. కంటిని రవంత కదల్చినచో ఉపగ్రహము చెదరిపోవుచుండెను. కాసినీయు షార్టును వ్రాసియుంచిన వివరములలోనే ఒక ఆచూకీ యున్నది. శుక్రుడు వంకరగానున్నప్పుడు ఆ చిన్నబింబమును అదే వంకరతో నుండెనట. బిడ్డకు తల్లి పోలిక! 1887లో బెల్జియందేశీయుడు స్ట్రూబాంట్ ఆ పాత లెక్కలను మరల వేసి, వానిలో కొన్ని అద్దపుచుక్కలు కూడ కావనియు, శుక్రుని సమీపమునకు వచ్చిన సామాన్య నక్షత్రములనియు చూపెను. శుక్రునకు ఉపగ్రహము లేదు.

ఒక యంత్రము, ఒక మనిషి చూచిన దానిని నమ్మవచ్చునా అను ప్రశ్నకు ఛాయాచిత్రములే సమాధానమిచ్చిన సందర్భము మరియొకటి కలదు. అది తెలుగునేలవరకు వచ్చినది. సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున నల్లని చంద్రబింబపు అంచున ఎర్రని జ్వాలలు కనబడును. అవి సూర్యునివా, చంద్రునివా, లేక దూరదర్శిని కల్పించిన మాయయా యని పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున పెద్ద వివాదము నడచెను. 1860 జులై 18వ తేదీనాటి గ్రహణమును స్పెయిన్‌లో ఒకచోట వారెన్ డి లా రూ, వందల కిలోమీటర్ల దూరమున మరియొకచోట ఏంజెలో సెక్కి ఛాయాచిత్రములుగా తీసిరి. కెమేరాలు వేరు, చోట్లు వేరు. జ్వాలలు మాత్రము రెంటను అవే ఆకారములతో నుండెను. రెండు వేర్వేరు గాజులలో ఒకే మాయ ఒకే తీరున పుట్టదు గనుక అవి నిజమైనవని తేలెను. ఎనిమిదేండ్ల తరువాత, 1868 ఆగస్టు 18వ తేదీన, గ్రహణచ్ఛాయ గుంటూరు, మచిలీపట్టణములమీదుగా పోయెను. గుంటూరున మేజర్ టెన్నంట్ ఆ గ్రహణమునకు ఛాయాచిత్రములు తీసెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అదే ఊరిలో వర్ణపటదర్శినితో చూచి ఆ జ్వాలలు మండుచున్న వాయువులని నిర్ణయించి, గ్రహణము విడిచిన మరునాడు కూడ వానిని చూడగలిగెను.

ఆనాడు రెండు పరిశోధకబృందములు ఓడలెక్కి పోయి చేసిన పరీక్షను నేడు రెండు కుటుంబములు ఇంటినుండి కదలక చేయవచ్చును. బరంపురమున ఒకరి ఫోనులో సూర్యుని ప్రక్కన బిళ్ళ కనబడినచో, పర్లాకిమిడిలో గాని ఛత్రపురమున గాని ఉన్న బంధువును అదే నిమిషమున వేరొక ఫోనుతో చిత్రము తీయుమని అడుగవలెను. ఆకాశమున ఉన్నదైనచో రెండింటను సూర్యునికి అదే ప్రక్కన, అంతే ఎడమున ఉండితీరవలెను.

ఇంతమాత్రమున సూర్యుని ప్రక్కన కనబడునదెల్ల అద్దపుచుక్కయని త్రోసివేయుట కూడ తగదు. సందేహించుట నేర్చినవారు చేయు పొరపాటు ఇది. సూర్యునికో చంద్రునికో గుడి కట్టినదని తెలుగువారనునది, సంస్కృతమున పరివేషమనబడునది, నిజమైన వలయము. ఎత్తున నున్న పలుచని మేఘములలోని మంచుపలుకులవలన సూర్యునిచుట్టు 22 డిగ్రీల దూరమున అది ఏర్పడును. చేయి చాచి జాన పరచినచో బొటనవ్రేలికి చిటికెనవ్రేలికి నడుమనుండు దూరము ఇంచుమించు అంతే. 2021 జూన్ 2వ తేదీన హైదరాబాదులో అట్టి గుడి కట్టగా వేలమంది చిత్రములు తీసిరి. ఒక్కొక్కప్పుడు వలయమునకు బదులుగా సూర్యునికి ఇరుప్రక్కల, అదే ఎత్తున, రెండు వెలుగుముద్దలు మాత్రమే కనబడును. సూర్యుని వైపు అంచు ఎర్రగా నుండును. వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషమునకు ఒక అధ్యాయమును, ప్రతిసూర్యునకు వేరొక అధ్యాయమును కేటాయించెను. కెమేరాలు పుట్టుటకు పదమూడు శతాబ్దములకు ముందే రెండవ సూర్యుని చూచినవారు ఉండిరనుటకు అదియే సాక్ష్యము. ఆయన చెప్పిన శుభాశుభఫలములను మన్నించుట మన్నింపకపోవుట చదువరుల యిష్టము. దృశ్యము మాత్రము సత్యము. సూర్యుని స్తంభము చాటునకు తెచ్చినను ప్రతిసూర్యుడు ఆరిపోడు.

తోకచుక్కల సంగతియు అట్టిదే. జపానుదేశీయులు ఇకెయా, సెకీ కనుగొన్న తోకచుక్క 1965 అక్టోబరు 21వ తేదీన సూర్యుని అతిసమీపమున చుట్టివచ్చినప్పుడు, సూర్యుని మరుగుచేసి చూచినవారికి అది పట్టపగలే కనబడెను. ఆనాటి చిత్రములను చూచి అద్దపుచుక్కయని పెదవి విరిచినవారు ఆ శతాబ్దపు గొప్ప దృశ్యములలో ఒకదానిని పోగొట్టుకొని యుందురు.

రైలుకిటికీలవలన కలుగు మాయ వేరు. హౌరా–మద్రాసు మార్గమున బాలుగావ్ దాటి రంభ వచ్చువరకు చిలికా సరస్సు ప్రక్కనే సాగును. ఉదయమున ఆ నీటిమీది సూర్యుని చిత్రము తీయనివారు అరుదు. చల్లనిగాలి పెట్టెల కిటికీలకు రెండు గాజుపలకలుండును. అవి రవంతయైనను సమాంతరముగ లేనిచో సూర్యుని ప్రక్కనే మసకగా మరియొక సూర్యుడు కనబడును. ఇది కెమేరా వెలుపల పుట్టినది గనుక పైన చెప్పిన గీత దీనికి పనికిరాదు. కెమేరాను త్రిప్పినను సూర్యునితోనే కదలును. మరియొక కిటికీవద్దకు పోయి చూచుట, లేదా బండి ఆగినప్పుడు వేదికమీదికి దిగి చూచుటయే దీనికి మందు.

రాత్రి చిత్రములలో తల్లి సామాన్యముగా వీధిదీపము. గోపాలపూర్ ఒడ్డున దీపముల వరుస చిత్రపు అడుగున పడినచో, పైన ఆకాశమున అన్నే ఆకుపచ్చచుక్కలు తలక్రిందులైన వరుసగా వెలయును. ఒకరు వానిని నక్షత్రమండలమనినను, ఇంకొకరు ఎగురు పళ్ళెములనినను ఆశ్చర్యపడనక్కరలేదు. ఫోనును కదలకుండ ఒక రాతిమీద ఆనించి పది నిమిషముల ఎడమున రెండు చిత్రములు తీసినచో సంగతి తేలును. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక, ధ్రువునకు దూరముగానున్న నక్షత్రములు ఆ పది నిమిషములలో రెండున్నర డిగ్రీలు, అనగా ఐదు చంద్రబింబముల వెడల్పు, పడమటికి జరిగియుండును. దీపముయొక్క అద్దపుచుక్క ఉన్నచోటనే యుండును. చంద్రునియొక్క అద్దపుచుక్క జరుగును గాని నక్షత్రములకు ఎదురుగా జరుగును.

ఇన్ని పరీక్షలకు తోడు తెలుగు ఇండ్లలో ఉగాదికి కొను పంచాంగమొకటి యున్నది. అందు గ్రహముల రాశులు చూచుట ఎరిగినవారు ఆకాశమునకు పట్టిక చేతనున్నవారే. బుధుడు సూర్యునినుండి 28 డిగ్రీలకు మించి, శుక్రుడు 47 డిగ్రీలకు మించి దూరము పోరు. రాశి 30 డిగ్రీలు గనుక బుధుడు రవియున్న రాశిలోనో దాని ప్రక్క రాశిలోనో యుండును. శుక్రుడు రెండు రాశులకు ఆవల ఉండడు. తెల్లవారుజామున సముద్రముమీద తీసిన చిత్రములో ప్రకాశవంతమైన చుక్క కనబడి, పంచాంగమున శుక్రుడు రవికి వెనుక రాశిలో నున్నచో, అది చాలవరకు వేగుచుక్కయే. శుక్రుడు రవికి ముందు రాశిలోనుండగా తూర్పున వేగుచుక్క కనబడినదని చెప్పు చిత్రమును మాత్రము తిరిగి పరీక్షింపవలెను. అది గురుడో, దీపమో, అద్దమో కావచ్చును. జాతకములకు వాడు పంచాంగమును పిల్లలు ఈ పనికి కూడ వాడుట నేర్చినచో పెద్దలు అభ్యంతరపెట్టరు.

అద్దపుచుక్కవలన ఉపయోగము లేకపోలేదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణగ్రహణచ్ఛాయ కర్ణాటక, ఆంధ్రప్రదేశములు దాటి దక్షిణ ఒడిశామీదుగా పూరీ, కోణార్క తీరమునకు వచ్చినది. బరంపురము ఆ దారిలోనిదే. ఆనాడు దేశమున పెక్కు పట్టణములలో జనులు భయముచేత తలుపులు మూసికొని యుండిరి. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న పాక్షికగ్రహణములు వచ్చునప్పటికి చేతిఫోనులు వచ్చియుండెను. పాక్షికగ్రహణ సమయమున తీసిన చిత్రములో సూర్యుడు ఎప్పటివలెనే తెల్లని ముద్దగా కనబడును. మిగిలియున్న కొద్దిభాగపు వెలుగునకు కూడ ఫలకము ఓర్వదు. పదివేలవ వంతు వెలుగుతో ఎదుటిమూల వాలిన ఆకుపచ్చబిళ్ళ మాత్రము ఒలికిపోక, శుభ్రమైన నెలవంక ఆకారమున కనబడును. కాసినీ చూచిన శుక్రచంద్రునివలె దీనికిని తల్లిపోలికయే. అయితే తలక్రిందులైన పోలిక. చంద్రుడు సూర్యుని ఏ వైపునుండి కప్పుచున్నాడో తెలియవలెనన్నచో చిత్రమును పై అంచు క్రిందికి వచ్చునట్లు త్రిప్పి ఆ బిళ్ళను చూడవలెను. అప్పుడు నెలవంక కొమ్ములు ఆకాశమున ఉన్న దిక్కుననే కనబడును.